గంట ఆగి మళ్ళీ నొక్కవలెను

వార్డర్ల క్వార్టర్స్,
జైలు లోపలి గేటు పక్కన

అక్కకి,

బతికే ఉన్నాను. ఒళ్ళంతా క్షేమం, కుడి చెయ్యి తప్ప. అది దెబ్బలు తిని వాచింది కాదు, కొట్టి కొట్టి వాచింది. అక్షరాలు కోడి కెలికినట్టుంటే సర్దుకుని చదువుకో.

ఫోన్ చెయ్యలేదని తిట్టకు. ఖైదీల ఫోన్లు పలక్కుండా ఇక్కడ జామర్లు పెట్టారని చెప్పాను కదా. వాటికి ఖైదీ ఎవడో వార్డర్ ఎవడో తెలియదు. క్వార్టర్స్‌లో కూడా ఫోన్ చచ్చినట్టు పడి ఉంటుంది. ఈ రోజుల్లో కాగితం మీద పోట్లాడుకునే అక్కాతమ్ముళ్ళం మనిద్దరమే అయి ఉంటాం.

మొన్న భోజనాల దగ్గర పెద్ద గొడవైంది. ఆరో బ్యారక్‌లో ఇద్దరు ఖైదీలు ఇనప బకెట్ ఎత్తి మా వార్డర్ నెత్తిన వేశారు. తల పగిలి రక్తం చొక్కా మీదుగా బూట్ల దాకా కారింది. అతను పడిపోతూనే నడుముకున్న బటన్ నొక్కాడు. కంట్రోల్ రూంలో గంట మోగింది, పెట్టె మీద అతని నంబరు వెలిగింది, పది మందిమి లాఠీలతో పరిగెత్తాం. ఆ ఇద్దర్నీ గోడకి నొక్కిపెట్టి వాయించాం. ఒకడి మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నిజం చెప్పనా, ఆ చప్పుడు బాగుంది. బాబాయ్ వెనక నుంచి నా చెయ్యి పట్టుకున్నాడు గానీ, లేకపోతే ఇంకో నాలుగు పడేవి.

బాబాయ్ అంటే మన బాబాయ్ కాదులే. ఇక్కడ అందరికీ బాబాయే. నేను చేరిన కొత్తలో తాళాలు ఎలా పట్టుకోవాలో, ఎవడికి వీపు చూపించకూడదో అన్నీ ఆయనే నేర్పాడు. లెక్చరర్ అని ఇంకొకడున్నాడు. పాఠాలు చెప్పేవాడనుకునేవు, వార్డరే. నోరు తెరిస్తే నీతులు. ఆ రోజు సాయంత్రం కూడా "పడిపోయినోణ్ణి కొట్టకూడదు రా" అని గంటసేపు వాయించాడు. మేం ఖైదీల్ని వాయించిన దానికంటే అదే ఎక్కువ నొప్పి.

అసలు సంగతి ఆ బటన్ గురించి. కొత్తగా వచ్చాయి, అగ్గిపెట్టెంత ఉంటాయి. నొక్కితే చిన్న పచ్చ లైటు వెలుగుతుంది. రోజూ పొద్దున హాజరు వేళ వరసలో నిలబడి నొక్కి చూసుకుంటాం. వీటి దారి వేరట, జామర్లు వీటినేమీ చెయ్యవట. వెనకాల యూరప్ ముద్ర ఉంది. యూరప్‌లో అమ్మే సరుకే మాకూ ఇచ్చారని మా సూపరింటెండెంట్ ఒకటే గొప్పలు. నీ చేతి మీదుగా వచ్చిందేనా?

నీ తమ్ముడు


వైర్‌లెస్ పరీక్షల ల్యాబ్,
మూడో అంతస్తు

ఒరేయ్ తమ్ముడూ,

చెయ్యి విరిగిన చప్పుడు బాగుందా? నువ్వు ఎదురుగా ఉంటే నీ చెంప చప్పుడు ఎలా ఉంటుందో వినిపించేదాన్ని. ఆ లెక్చరర్‌కి నా తరఫున ఒక నమస్కారం పెట్టు. బాబాయ్‌కి రెండు.

ఎవరి వస్తువు మా దగ్గరికి వచ్చిందో బయట చెప్పకూడదు. సంతకం పెట్టించుకుంటారు. కాబట్టి మీ బటన్ సంగతి నాకు తెలియదు. కానీ ఒక కంపెనీవాళ్ళ అలాంటి వస్తువు గురించి చెప్తాను, ఎవరిదని అడక్కు.

నా పని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు రేడియో రిపేరు అంటావు. ఇనప గోడల గది ఒకటి ఉంటుంది. లోపలంతా నల్లటి స్పాంజి కొమ్ములు. బయటి తరంగం లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. మధ్యలో బల్ల మీద వస్తువుని పెట్టి తిప్పుతూ, అది గాలిలోకి ఏం అరుస్తోంది, ఎంత గట్టిగా, ఎంతసేపు అని కొలుస్తాను. యూరప్‌లో అమ్మాలంటే అక్కడి రూలు దాటకూడదు.

ఇలాంటి అలారాలకి అక్కడ ఒక సన్నని ఫ్రీక్వెన్సీ దారి విడిగా కేటాయించారు. ముసలివాళ్ళ మెడలో వేసుకునేవి, కాపలావాళ్ళవి, అన్నీ ఆ దారినే పోవాలి. ఒకటి అడ్డంగా నిలబడి అరుస్తూంటే వెనకవాడి కేక చచ్చిపోతుంది. అందుకని ఒక్కోదానికి వంతు ఉంటుంది. ఆ కంపెనీ వస్తువు నొక్కినంతసేపూ అరుస్తూనే ఉంది. నేను ఫెయిల్ చేశాను. మళ్ళీ తెచ్చారు, మళ్ళీ ఫెయిల్ చేశాను. ఓనర్ స్వయంగా వచ్చి, "నాలుగు కంటెయినర్లు పోర్టులో కూర్చున్నాయి, నువ్వు ఇక్కడ కూర్చుని సెకన్లు ఏరుకుంటున్నావా?" అని వస్తువుని నేలకేసి కొట్టాడు. ముక్క ఎగిరి నా కనుబొమ్మ చీరింది. కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, "పడేసి చూసే పరీక్ష పక్క గదిలో సార్, అందులోనూ ఫెయిలే" అన్నాను. మూడు కుట్లు పడ్డాయి. అమ్మకి చెప్పకు.

చివరికి సరిచేసుకుని వచ్చారు, పాస్ అయింది. దాంట్లో ఇంకో సంగతి ఉంది, అది రాయడానికి లేదు. కానీ దాని కోసం పోట్లాడి, వస్తువుతో ఇచ్చే కార్డు మీద మన భాషలో ఒక వాక్యం పెట్టించాను. పెద్ద అక్షరాలతో. ఓనర్ పళ్ళు నూరుకుంటూ ఒప్పుకున్నాడు. మీకూ అలాంటి కార్డు ఉంటే, అందులో చెప్పినట్టు చెయ్యి. అంతకంటే నన్నడక్కు.

లాఠీ తగ్గించు. అన్నం సరిగ్గా తిను.

అక్క


వార్డర్ల క్వార్టర్స్

అక్కా,

బాబాయ్ పోయాడు.

హాజరు అయిపోయి తాళాలు తీసే వేళ. ఆరో బ్యారక్‌లో మేస్త్రి అని ఒకడున్నాడు, బయట ఉన్నప్పుడు గోడలు కట్టేవాడు. బకెట్ గొడవలో చెయ్యి విరిగింది వాడి తమ్ముడిదే. చెంచా కాడని నేలకేసి అరగదీసి పెట్టుకున్నాడు. బాబాయ్ తలుపు తీసీ తియ్యగానే మెడలో పొడిచాడు. తర్వాత పొట్టలో. లెక్చరర్ అవతలి కారిడార్‌లో, తాళం వేసిన గ్రిల్ వెనక ఉన్నాడు. చూస్తున్నాడు గానీ రాలేడు. తాళంచెవి బాబాయ్ దగ్గర ఉంది. బాబాయ్ గోడకి జారిపోతూ బటన్ నొక్కుతూనే ఉన్నాడట. నొక్కిన ప్రతిసారీ పచ్చ లైటు వెలిగిందట. మేస్త్రి తీరిగ్గా పొడిచాడట. ఎవరూ రావడం లేదని వాడికి అర్థమైపోయింది.

ఆ పూట కంట్రోల్ రూంలో కూర్చున్నది నేను.

గంట మోగలేదు అక్కా. నా కళ్ళముందున్న పెట్టె మీద ఒక్క నంబరూ వెలగలేదు. ఒట్టు. లెక్చరర్ అరుపులు విని ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. నేను వెళ్ళేసరికి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. ఆ వేలు తియ్యడానికి ఇద్దరం పట్టాం.

నిద్రపోయానంటున్నారు. పచ్చ లైటు వెలిగిందంటే గంట మోగినట్టే కదా అంటున్నారు. మా వాళ్ళే నన్ను స్నానాల గదిలోకి తోసి తలుపు వేశారు. తడి తువ్వాల్లో సబ్బుబిళ్ళ కట్టి కొట్టారు. అలా కొడితే ఒంటి మీద మచ్చ పడదు. రెండు పళ్ళు పోయాయి, పక్కటెముక ఒకటి విరిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇప్పుడు నా పేరు చెవిటోడు. అన్నం దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు.

ఎంక్వైరీ వేశారు. తప్పు నాదేనని తేలితే ఉద్యోగం పోవడం కాదు, కేసే పెడతారు. "పరీక్ష సరిగ్గా చేశారా" అని అడిగారు. కార్డులో ఉన్నట్టే చేశాం అని చెప్పాను. ఆ కార్డు హాజరు గోడకి అంటించి ఉంది. "గంట ఆగి మళ్ళీ నొక్కవలెను" అని ఉంది. అలాగే చేస్తాం కదా. నొక్కుతాం, కంట్రోల్ రూంలో గంట మోగుతుంది, అది ఆగగానే మళ్ళీ నొక్కుతాం. హాజరులో మన నంబరు పిలిచేదాకా అంతే. బాబాయ్ ఎప్పుడూ వరస చివర నిలబడతాడు, కాబట్టి ఆయనే అందరికంటే ఎక్కువ నొక్కుతాడు. ఆ పొద్దున కూడా నొక్కాడు. మోగింది. నేనే విన్నాను.

మరి అప్పుడు మోగింది ఇప్పుడెందుకు మోగలేదు? నేనే నిద్రపోయానా? అక్కా, నాకే అనుమానం వస్తోంది.

తమ్ముడు


ల్యాబ్

తమ్ముడూ,

నువ్వు నిద్రపోలేదు. విన్నావా? నువ్వు నిద్రపోలేదు. ముందు ఆ మాట పట్టుకుని కూర్చో, తర్వాత మిగతాది చదువు.

ఆ కార్డు మీద వాక్యం నేను చెప్పిందే.

ఎవరి వస్తువో చెప్పకూడదన్న సంతకం పొయ్యిలో పెట్టాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. యూరప్ రూలు ప్రకారం ఆ బటన్‌కి గంట కాలంలో మూడున్నర సెకన్లే వంతు. నాలుగైదుసార్లు నొక్కితే అది అయిపోతుంది. నేను రెండుసార్లు ఫెయిల్ చేశాక ఆ ఓనర్ ఏం చేశాడంటే, వంతు అయిపోగానే దాని నోరు నొక్కేశాడు. ఆ గంట గడిచేదాకా ఎంత నొక్కినా గాలిలోకి ఏమీ పోదు. పచ్చ లైటు మాత్రం వెలుగుతుంది. లైటుకి రూలు లేదు. మా గదిలో దాన్ని చూడగానే మా ల్యాబ్ పెద్దాయన దగ్గరికి పరిగెత్తి, "సార్, ఇది చచ్చి కూడా కన్ను కొడుతోంది" అన్నాను. "మనం కొలిచేది రేడియో అమ్మా, లైటు కాదు. రూలు దాటిందా? లేదు. పాస్" అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు.

నేను ఊరుకోలేదు. కనీసం హెచ్చరిక పెట్టమన్నాను. ఓనర్ మనిషి పెన్ను పట్టుకుని, "ఒక్క ముక్కలో చెప్పండి మేడం, కార్డులో చోటు లేదు" అన్నాడు. నేను చెప్పాను: "పలుమార్లు నొక్కినచో, గంట ఆగి మళ్ళీ నొక్కవలెను." నా మనసులో గంట అంటే అరవై నిమిషాలు. మీ గోడ మీద గంట అంటే మోగేది. "ఒక గంట" అని ఉంటే సరిపోయేది. ఆ "ఒక" నా నోట రాలేదు. మీరు మాట తప్పకుండా నేను చెప్పినట్టే చేశారు. రోజూ పొద్దున వరసలో నిలబడి, మీ వంతు మీరే ఖాళీ చేసుకుని, చచ్చిన బటన్లు నడుముకి పెట్టుకుని ఖైదీల తలుపులు తీశారు. చివర నిలబడ్డ బాబాయ్‌కి ఒక్క నొక్కు కూడా మిగల్లేదు.

నాకు ఏడుపు రావడం లేదు. మా పెద్దాయన బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్ తీసి ఆయన గది అద్దానికి కొట్టాను. అద్దం పగిలింది, నా చెయ్యి తెగింది, కడుపుమంట చల్లారలేదు. రేపు నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు, ఉండకపోతే పీడా పోయింది.

ఈ ఉత్తరం అందిన క్షణం సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళు. ఇది ఆయన ముందు పెట్టు. నీ మీద నింద పోతుంది. దానికంటే ముందు, ఆ పొద్దుటి పరీక్ష ఆపించు. ఒక్కొక్కరు ఒక్కసారే నొక్కాలి. అందరికీ చెప్పు, నిన్ను కొట్టినవాళ్ళకి కూడా చెప్పు. ఇవాళే.

అక్క


వార్డర్ల క్వార్టర్స్

అక్కగారికి నమస్కారం.

నీ ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే అందరికీ చెప్పాను. పరీక్ష మార్చేశారు. ఎంక్వైరీ కూడా మూసేశారు, పరికరంలో లోపం అని రాసుకున్నారు. కాబట్టి నా గురించి బెంగపెట్టుకోవద్దు. నువ్వు మళ్ళీ ఎవరికీ ఏమీ రాయనక్కర్లేదు, ఫోన్లూ చెయ్యనక్కర్లేదు. నీ ఉద్యోగం నువ్వు చూసుకో.

పళ్ళు కట్టించుకోవాలి. ఎముక అతుక్కుంటోంది. ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి.

ఇంకొక సంగతి, నీకు ఎలాగూ తెలుస్తుంది కాబట్టి రాస్తున్నాను. మేస్త్రిని ఒంటరి సెల్‌లో పెట్టారు కదా. మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక వాణ్ణి సంకెళ్ళతో ఆసుపత్రి గదికి తీసుకెళ్ళే డ్యూటీ నాకూ లెక్చరర్‌కీ పడింది. వాడు ఇనప మెట్ల మీద కాలు జారి పడ్డాడు. పైనుంచి కింద దాకా. దవడ, చేతులు, ఒక కన్ను. ఇంకా తెలివి రాలేదు. పాపం లెక్చరర్ బటన్ నొక్కుతూనే ఉన్నాడు, ఒక్కరూ రాలేదు. అదే మాయరోగం, పచ్చ లైటు వెలుగుతుంది, గంట మోగదు. ఆ బటన్ నేనే చార్జింగ్ నుంచి తీసి తెచ్చి అతనికి ఇచ్చాను, అయినా మోగలేదు. నీ యూరప్ రూలు గట్టిదే.

లెక్చరర్ ఆ రోజు నుంచి సెలవులో ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదట. నీతులు చెప్పే మనిషి లేక ఇక్కడ ప్రశాంతంగా ఉంది.

నాకిప్పుడు అన్నం దగ్గర చోటు ఇస్తున్నారు. చెవిటోడు అనడం మానేశారు.

ఉంటాను.


ఇంటి నుంచి

తమ్ముడూ,

పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎప్పుడైనా "గారు" అన్నావా? ఎదుటి మనిషి కళ్ళలోకి చూడలేనప్పుడే నువ్వు మర్యాదలు మొదలుపెడతావు. అయినా నా తమ్ముడే కదా అని మళ్ళీ చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను. ఎండల గురించి రాశావు. నీకు ఎండల గురించి ఎప్పుడు పట్టింది?

నా పనే అది రా. వస్తువు ఎప్పుడు అరవాలో, ఎప్పుడు అరవలేదో, ఎందుకు అరవలేదో కనిపెట్టడం. హాజరు పొద్దున. నువ్వు రాసింది మధ్యాహ్నం. మధ్యాహ్నం మీకు వరస లేదు, నొక్కడాలు లేవు. ఆ బటన్ వంతు నిండుగా ఉండాలి. లెక్చరర్ వేలు పెట్టిన మొదటిసారే గంట మోగాలి. మోగలేదంటే, అతని చేతికి రాకముందే ఎవరో దాన్ని ఖాళీ అయ్యేదాకా నొక్కారు. చార్జింగ్ నుంచి తీసి తెచ్చింది నువ్వు. నొక్కితే చస్తుందని తెలిసింది కూడా నీకే.

అందరికీ చెప్పానన్నావు. నిన్న మీ సూపరింటెండెంట్ మా ల్యాబ్‌కి ఫోన్ చేశాడు, ఎత్తింది నేనే. వస్తువుల పెట్టె మీద మా నంబరు ఉందట. "రెండోసారి కూడా మోగలేదండీ, పరికరం లోపమని రాసి ఎంక్వైరీ మూసేశాం, ఏమైనా తెలుసా?" అని అడిగాడు. పొద్దుటి పరీక్ష ఎలా చేస్తున్నారని అడిగాను. "కార్డులో ఉన్నట్టే, గంట ఆగగానే మళ్ళీ నొక్కిస్తున్నాం" అన్నాడు. అంటే ఇన్నాళ్ళూ మీ వాళ్ళందరూ చచ్చిన బటన్లతోనే తలుపులు తీస్తున్నారు. ఎవరి మెడలో ఏ చెంచా దిగినా దిగేది. అది చూస్తూ నోరు మూసుకున్నావు, నీకు ఒక్క మధ్యాహ్నం కావాలని. నేను అక్కడికక్కడే ఫోన్‌లో ఆ పరీక్ష ఆపించాను, ఒకసారే నొక్కమన్నాను, ఎందుకో కూడా చెప్పాను. మిగతాది చెప్పలేదు.

మేస్త్రి నిన్న తెల్లవారకముందే పోయాడట. అది కూడా ఆయనే చెప్పాడు.

బాబాయ్‌ని చంపినవాడి కోసం నేను ఏడవడం లేదు. వాడికి ఉరి వేసినా నాకు నిద్ర పట్టేది. కానీ వాడు చేతులకి సంకెళ్ళతో ఉన్నాడు. మెట్ల మీద పడ్డవాడికి కన్ను పోదు రా, బూటుతో తొక్కితే పోతుంది. నిన్ను నేను ఎత్తుకుని తిప్పాను. నీ మీద ఈగ వాలితే ఊరుకునేదాన్ని కాదు. నీ ప్రాణం నిలబడాలని, నీ పేరు చెడకూడదని, అన్నం పెడుతున్న ఉద్యోగానికి నిప్పు పెట్టి ఆ ఉత్తరం రాశాను. నువ్వు దాన్ని చదువుకుని చేతిలో లాఠీలా పట్టుకున్నావు. నీ మీద నాకు కోపంగా ఉంది, అసహ్యంగా ఉంది. నువ్వు ఎదురుగా వస్తే ముందు కొడతానో కావలించుకుంటానో నాకే తెలియదు.

ఇంకొక మాట. లెక్చరర్ ఆ మధ్యాహ్నం మేస్త్రి కాలు జారి పడ్డాడనే బటన్ నొక్కాడని నువ్వు అందరికీ చెప్పి ఉంటావు. కాలు జారిన మనిషి కోసమైతే కిందికి పరిగెత్తి లేవనెత్తుతాడు గానీ, నొక్కుతూ నిలబడతాడా? అతను నొక్కింది నీ గురించి. నీ చేతిలోంచి ఒక మనిషిని విడిపించడానికి ఎవరైనా రండి అని నొక్కాడు. పచ్చ లైటు వెలుగుతూంటే ఎవరో వస్తున్నారని నమ్మి, నొక్కుతూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున మీ గేటు దగ్గరికి వస్తున్నాను. సూపరింటెండెంట్ నాకు టైమ్ ఇచ్చాడు. ఆయన గదిలోకి నాకంటే ముందు నువ్వు వెళ్తే, నువ్వే చెప్పు. వెళ్ళకపోతే నేను చెప్తాను.

అక్క